దిగని షిఫ్టు

జూన్ వచ్చిందంటే నా కొట్లో నిలబడడానికి చోటుండదు. భిలాయి సెక్టర్ 6 మార్కెట్లో నాది జిరాక్సూ ఇంటర్నెట్టూ కలిసిన చిన్న దుకాణం. పన్నెండో తరగతి ఫలితాలు రాగానే పిల్లలు, వాళ్ల వెనకే తల్లిదండ్రులు వచ్చి పడతారు. అందరి నోటా ఒకటే మాట, ప్యాకేజీ ఎంత. పిల్ల ఏం చదవబోతోందో సరిగ్గా తెలియదు, చదువయ్యాక వచ్చే జీతం మాత్రం ఇప్పుడే తెలిసిపోవాలి. ఆ మాట వినీ వినీ నాకు ఒళ్లు మండుతుంది. ఒక్కోసారి పైకే విసుక్కుంటాను. నా నోటివల్ల గిరాకీ పోతోందని మా ఆవిడ అంటుంది గానీ, జనం మాత్రం తగ్గింది లేదు.

మొన్నటి జూన్‌లో అలాంటి గుంపు మధ్యలో నిలబడి ఒక మనిషి ఇంతవరకూ ఎవరూ అడగనిది అడిగాడు.

"గురునాథం, ఈ కాలేజీలో షిఫ్టు ఎన్నింటికి దిగుతాది?"

అతని పేరు కొర్నేలి. మా ఊరి ఉక్కు ప్లాంటులో బ్లాస్ట్ ఫర్నేసు దగ్గర, కరిగిన ఇనుము బయటికి వచ్చే చోట ముప్పై ఏళ్లకు పైగా పనిచేసిన మనిషి. వాళ్ల నాన్న పార్వతీపురం వైపు నుంచి వచ్చాడు, మా నాన్న బొబ్బిలి నుంచి. వాళ్లు తెలుగు చర్చికి వెళ్తారు, మేం గుడికి వెళ్తాం. సెలవు రోజు మధ్యాహ్నం మాత్రం ఇద్దరం నా కొట్టు ముందు బెంచీ మీదే చేరతాం. కాలేజీకి షిఫ్టేమిటని గుంపులో ఎవరో నవ్వారు. నేను నవ్వలేదు. ఆ ప్రశ్న ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకు తెలుసు.

కొర్నేలి ఏ చోటునైనా గేటు బయట నిలబడి తేల్చుకుంటాడు. లోపలికి వెళ్లేవాళ్లను పట్టించుకోడు. పని ముగించుకుని బయటికి వచ్చేవాళ్ల ముఖాలు చూస్తాడు. "ఎల్లినప్పుడు అందరూ తల దువ్వుకునే ఎల్తారు. వచ్చినప్పుడే ఆ చోటు ఎలాంటిదో తెలుస్తాది," అంటాడు. కూతురు జూడీని బడిలో వేసే ముందు ఊళ్లో ఉన్న బళ్లన్నిటి ముందూ సాయంత్రాలు నిలబడ్డాడు. అంతెందుకు, పెళ్లి కూడా అలాగే చేసుకున్నాడు. ఆసుపత్రిలో ఎవరినో చూడడానికి వెళ్లి, రాత్రి డ్యూటీ దిగి వస్తున్న నర్సుల్లో ఒకామె నవ్వుకుంటూ రావడం చూశాడట. రాత్రంతా మేలుకుని కూడా నవ్వుతున్న మనిషితో బతకొచ్చు అనుకున్నాడట. ఆ నర్సే డోర్కాస్. "ఆవేళ నాను నిద్రమత్తులో ఉన్నాను అన్నయ్యా, దేనికి నవ్వానో నాకే తెల్దు," అని ఆమె ఇప్పటికీ అంటుంది.

అతనికి ఇంకో అలవాటుంది. ఫర్నేసు దగ్గర ఒక షిఫ్టు మనిషి తన చోటుకు మరొకడు వచ్చేదాకా కదలడు. వచ్చినవాణ్ణి రిలీవరు అంటారు. వాడికి ఎక్కడిదాకా పని వచ్చిందో, ఎక్కడ జాగ్రత్తగా ఉండాలో చెప్పి, "ఇంక నీది" అని బయల్దేరాలి. ఆ మాట అన్నాక కొర్నేలి వెనక్కి తిరిగి చూడడు. పిలిచినా చూడడు. తిరిగి చూస్తే వచ్చినవాడి మీద నమ్మకం లేనట్టని అతని లెక్క. రైలెక్కేటప్పుడు కూడా ఇదే వరస. అందువల్ల మా ఇంట్లో అతను మరచిపోయి వదిలేసిన గొడుగులు చాలా ఉన్నాయి.

నేను ఒకే ఒక్కసారి, బయటివాళ్లకిచ్చే పాసు మీద వెళ్లి ఆ ఫర్నేసు చూశాను. మట్టితో మూసిన రంధ్రాన్ని తొలిచారు. ముందు పొగ, తర్వాత రవ్వలు, ఆ తర్వాత తెల్లటి వెలుగు కాలవలోకి వచ్చింది. అది పారుతోంది. ఇనుము పారుతోంది. మా ఊరూ, మా క్వార్టర్లూ, మా బళ్లూ, నా జిరాక్సు మిషనూ, అన్నీ ఆ కాలవ ఒడ్డునే ఉన్నాయని అప్పుడు అర్థమైంది. కొలువులో చేరిన మొదటిరోజు దాన్ని చూసి రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నిలబడిపోయానని కొర్నేలి చెప్పాడు. "చర్చిలో కూడా అలగా నిలబడలేదు గురునాథం. తప్పు కదా, గానీ నిజం," అన్నాడు.

ఆ ఏడు జూలై ఆఖరుకి అతని రిటైర్మెంటు. అతని తర్వాత ఆ చోటుకు ఎవరూ రావడం లేదు. ఆ పనిని వేరే గ్యాంగులో కలిపేశారు. కొత్త మిషన్లు వచ్చాయి, మనుషులు తక్కువ చాలు, అందులో తప్పేమీ లేదని అతనే చెప్పేవాడు. చెప్పి ఊరుకునేవాడు. ఒకసారి మాత్రం బెంచీ మీద కూర్చుని, "ఆఖరి రోజు ఎవడికి అప్పజెప్పాలో తెల్దు. ఊరికే లేచి వచ్చీడమే," అన్నాడు. ఆ మాట అన్నప్పుడు అతని ముఖం చూడలేకపోయాను.

ఇక జూడీ. మా ఊళ్లో లెక్కలొచ్చిన పిల్ల ఇంజినీరింగు కోచింగుకు వెళ్లకపోతే ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగాలేదా అని పరామర్శిస్తారు. జూడీకి లెక్కలు బాగా వచ్చు, కోచింగుకు వెళ్లలేదు. ఎకనామిక్స్ చదువుతానని ఎప్పుడో ఒక్కసారి అన్నది, మళ్లీ అనలేదు. ఆమె ఏ మాటైనా ఒక్కసారే అంటుంది. తెలుగుకన్నా హిందీ బాగా మాట్లాడుతుంది, రెంటికన్నా బాగా మౌనంగా ఉంటుంది. చర్చిలో పాటల పుస్తకం పట్టుకుని తెలుగు చదవడం నేర్చుకుంది.

చిన్నప్పుడు, ఆరో క్లాసులో కాబోలు, స్టీలు అమ్ముడుపోక యార్డులో గుట్టలు పడిందని కొర్నేలి అన్నం తింటూ అన్నాడట. అమ్ముడుపోనప్పుడు ఎందుకు చేస్తున్నారు డాడీ అని ఆ పిల్ల అడిగింది. "ఫర్నేసు ఆపకూడదమ్మా. చల్లారితే ఇనుము లోపలే గడ్డ కట్టీస్తాది," అన్నాడు. పిల్ల ఇంకేమీ అడగలేదు. జవాబు దొరికింది కాబోలని అతను చెయ్యి కడుక్కున్నాడు. ఈ సంగతి అతనే నాకు చెప్పాడు, కూతురు ఎంత తెలివైనదో చెప్పుకోవడానికి.

ఆమెకు రెండు చోట్ల సీటు వచ్చింది. ఒకటి రాయపూర్ దగ్గర ప్రైవేటు విశ్వవిద్యాలయంలో ఫైనాన్సు డిగ్రీ. ఇంటి నుంచి బస్సులో వెళ్లిరావచ్చు. రెండోది వైజాగ్ అవతల, సముద్రం దగ్గరున్న విశ్వవిద్యాలయంలో ఎకనామిక్స్. హాస్టల్లో ఉండాలి. జూలై మొదటివారం దాటేలోగా ఏదో ఒకటి ఖాయం చేసుకోవాలి, చేసుకోని సీటు పోతుంది.

డోర్కాస్ రాయపూర్ వైపు. ఆమెకు భయాలు మాత్రమే కాదు, కారణాలూ ఉన్నాయి. "ఫైనాన్సంటే ఏదో బ్యాంకులోనైనా చేరతాది. ఎకనామిక్సంటే ఏటి చేస్తారన్నయ్యా? అదీగాక ఈ పిల్ల ఆకలేసినా అడగదు. పరాయి చోట అడక్కుండా ఎన్నాళ్లుంటాది?" నీకేది కావాలమ్మా అని జూడీని నేనే అడిగాను. "డాడీ జో బోలేంగే, అంకుల్," అంది, డాడీ ఏదంటే అదేనట. నాకు కోపమొచ్చింది. చదవబోయేది డాడీ కాదు కదా. కానీ కంప్యూటర్లో ఆ రెండు చోట్ల వివరాలూ తెరిచి చూపిస్తున్నప్పుడు నేనొకటి గమనించాను. రాయపూర్ పేజీ వచ్చినప్పుడు ఆ పిల్ల వాళ్లమ్మ వైపు చూసింది. వైజాగ్ పేజీ వచ్చినప్పుడు తెరనే చూసింది, నేను మూసేదాకా చూసింది.

ముందు రాయపూర్ వెళ్లారు. నేను వెళ్లలేదు, కొర్నేలే వచ్చి చెప్పాడు. అద్దాల బిల్డింగు, పచ్చగడ్డి, గేటు ముందు వరసగా బస్సులు. గంట కొట్టినట్టు క్లాసులు వదిలారు, పిల్లలు నవ్వుకుంటూ వచ్చారు, బస్సులెక్కారు, కాసేపట్లో గేటు ఖాళీ. ఒక్కరూ వెనకబడలేదు. "బాగున్నాది గురునాథం. షిఫ్టంటే అలగే దిగాలి. టయానికి అందరూ క్షేమంగా బయటపడ్డారు," అన్నాడు. ప్లాంటు మనిషి నోట అంతకన్నా మెప్పు లేదు. డోర్కాస్ ముఖం తేటపడింది. జూడీ పక్కనే నిలబడి ఉంది, తలూపింది.

కానీ ఒక గేటు చూసి రెండో గేటు చూడకుండా తీర్పు చెప్పడం కొర్నేలికి చేతకాదు. వైజాగ్ బండికి టికెట్లు తీయమన్నాడు. డోర్కాస్‌కు సెలవు దొరకలేదు. మా అక్క గాజువాకలో ఉంటుంది కనక నేనూ బయల్దేరాను. "మీరు పక్కనుండండి అన్నయ్యా. ఈయన గేటు చూసి వచ్చీస్తారు, లోపలికెల్లరు," అని డోర్కాస్ ఆ బాధ్యత నాకు అప్పగించింది. ఆమె చెప్పింది నిజం. ఏ చోటా లోపలికి వెళ్లడం అతని పద్ధతిలో లేదు.

పై క్లాసులవాళ్లకు అప్పటికే పాఠాలు మొదలయ్యాయి. ఎకనామిక్స్ వాళ్లది పాత రాతి బిల్డింగు, దానికో చిన్న గేటు. ఆఖరి క్లాసు నాలుగింటికి అయిపోతాదని కాపలా మనిషి చెప్పాడు. మేం ముగ్గురం గేటుకు ఎదురుగా నిలబడ్డాం. సముద్రపు గాలికి జుట్టు బంక బంకగా ఉంది. నాలుగైంది. పక్క బిల్డింగుల వాళ్లంతా బయటికొచ్చి పోయారు. ఈ బిల్డింగు నుంచి ఒక్క మనిషి రాలేదు.

కొర్నేలి గడియారం చూసుకున్నాడు, కాపలా మనిషిని మళ్లీ అడిగాడు. క్లాసు అయిపోయే ఉంటాది, ఎందుకు రాలేదో నాకు తెల్దని అతనన్నాడు. కొర్నేలి ముఖం మారిపోయింది. మా ఊళ్లో పుట్టినవాళ్లకు అది చెప్పనక్కర్లేదు. దిగాల్సిన షిఫ్టు దిగకపోతే గేటు బయటున్నవాళ్లకు గుండె జారిపోతుంది. కారణం చిన్నదే కావచ్చు, కానీ అది తెలిసేదాకా ఎవరూ కూర్చోలేరు.

"లోపల ఏటో అయింది," అని గేటు తోసుకుని వెళ్లిపోయాడు. జూడీ, నేను వెనక పరుగెత్తాం. నడవాలో చెప్పుల చప్పుడు పెద్దగా వినిపించింది. చివరి గదిలో మాటలు వినిపిస్తున్నాయి. కొర్నేలి తలుపు దగ్గర ఆగి, ఆయాసపడుతూ లోపలికి చూశాడు.

పిల్లలు బెంచీల మీద కొందరు, బెంచీల అంచుల మీద కొందరు, బల్ల ముందు నేల మీద కొందరు కూర్చున్నారు. ఇద్దరు నిలబడి గట్టిగా వాదించుకుంటున్నారు. కుర్చీ వదిలేసి బల్ల మీద కూర్చున్న ఒకావిడ వింటోంది. ఆవిడే పంతులమ్మ అని తర్వాత తెలిసింది, పేరు బిందుప్రియ.

"అమ్మా, రిలీవరు రాలేదేటి?" అన్నాడు కొర్నేలి.

అందరూ తిరిగి చూశారు. ఎవరో కిసుక్కుమన్నారు. ఆవిడ మాత్రం నవ్వలేదు, అర్థంకాక మా ముగ్గురినీ చూసింది. ఈయన ప్లాంటులో పనిచేస్తారని, షిఫ్టు దిగకపోతే అక్కడ ఏమనుకుంటారో, నేను ముక్కలు ముక్కలుగా చెప్పాను. ఆవిడ శ్రద్ధగా విని, "ఏమీ కాలేదండీ. క్లాసు నాలుగింటికే అయిపోయింది. వీళ్లే వెళ్లడం లేదు," అంది.

"పనేటైనా మిగిలిపోనాదా?"

"లేదండీ."

"మరి మార్కులకా?"

"దీనికి మార్కుల్లేవు. రేపటి పాఠంలో కూడా ఇది లేదు."

కొర్నేలి ఆ పిల్లల్ని ఒక్కొక్కరినీ చూశాడు. పని అయిపోయాక, ఎవరూ ఉండమనకుండా, ఏమీ రాదని తెలిసి కూడా ఉండిపోయిన షిఫ్టును అతను బతుకులో చూడలేదు. అతని నోరు కొంచెం తెరుచుకుంది. "దేని గురించమ్మా ఈ కొట్లాట?" అని మెల్లగా అడిగాడు.

ఆవిడ చెప్పింది. ఇక్కడి హార్బర్లో చేపల ధర బాగా పడిపోయింది. ఎంత పట్టినా బోటు మీద పెట్టినదంతా తిరిగి రాదని బోటు యజమానికి తెలుసు. అయినా పొద్దున్నే బోటును సముద్రంలోకి పంపిస్తున్నాడు. ఎందుకు పంపిస్తున్నాడు, అతనికేమైనా పిచ్చా అని ఒక పిల్లాడు అడిగాడు. అక్కణ్ణుంచి మొదలైంది.

కొర్నేలి ముఖం విప్పారింది. ఇది తనకు తెలిసిన సంగతే. "అది మా ఫర్నేసు లాగేనమ్మా. నడుస్తున్నదాన్ని ఆపకూడదు. ఆపితే ఇనుము లోపల గడ్డ కట్టీస్తాది. నష్టమొచ్చినా నడపాల," అన్నాడు. కొందరు పిల్లలు తలూపారు. బాగానే చెప్పాడనిపించింది నాకు కూడా.

"అలగా కాదు డాడీ."

ఆ గొంతు ఎవరిదో నాకు వెంటనే తెలియలేదు. అంత గట్టిగా నేనెప్పుడూ వినలేదు. జూడీ తలుపు పక్కనుంచి ఒక అడుగు లోపలికి వేసింది.

"బోటు ఆపితే ఏటీ గడ్డ కట్టదు కదా. అయినా ఎల్తన్నారు. అంటే రీజన్ వేరే ఉంది."

బిందుప్రియ బల్ల మీదున్న చాక్‌పీసు తీసి ఆ పిల్ల వైపు చాచింది. జూడీ వాళ్ల నాన్న వైపు చూడలేదు. నేల మీద కూర్చున్నవాళ్లు కాళ్లు ముడుచుకుని దారిచ్చారు. ఆమె వెళ్లి బోర్డు మీద ఒక అడ్డగీత గీసింది.

"బోటు కొన్న ఖర్చు ఇక్కడ పైన. ఈరోజు ఎల్లినా ఎల్లకపోయినా అది అయిపోయింది. వో తో గయా. దాన్ని ఈరోజు లెక్కలో పెట్టకూడదు. డీజిలు, ఐసు, మనుషుల కూలీ, ఇవే ఈరోజువి. ఇవి కింద. చేపలు కిందున్నవాటికన్నా ఎక్కువ తెస్తే ఎల్లాలి. నష్టమే, లేకిన్ ఇంట్లో కూర్చుంటే ఇంకా పెద్ద నష్టం. డాడీ ఫర్నేసు కూడా అంతే. గడ్డ కట్టడం దాని మీద ఇంకొకటి. అందుకే దాన్ని ఆపడం ఇంకా కష్టం."

"మరి ఎన్నాళ్లు అలా నడుపుతారు?" అని ఇందాక వాదిస్తున్న ఒక అమ్మాయి అడిగింది. "బోటు పాతబడిపోదా? కొత్తది కొనాలి కదా అప్పుడు?"

జూడీ ఆగింది. బోర్డు వైపు తిరిగి గీత పైనున్న చోటును చూసింది. "ఎన్నాళ్లో నాకు తెల్దు," అంది. "అది తెలుసుకోవాలి." అన్నాక ఆమె నవ్వింది. ఏదో తెలియకపోవడం అంత సంతోషంగా ఉంటుందని నాకు ఈ వయసులో తెలిసింది.

నేను కొర్నేలి వైపు చూశాను. రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నిలబడి ఉన్నాడు. కదలడం లేదు. కళ్లల్లో నీళ్లున్నాయి, తుడుచుకోవాలన్న ధ్యాస లేదు. "ఆరో క్లాసులో అడిగిందది," అన్నాడు నాకు మాత్రమే వినిపించేలా. "అప్పుడు నాను చెప్పిందానికి ఒప్పుకోలేదన్నమాట. ఇన్నాళ్లూ పెట్టుకుంది గురునాథం. ఇన్నాళ్లూ లోపల మండుతానే ఉన్నాది, నాకు తెల్దు." ఇంట్లో రోజూ ఎదురుగా కూర్చుని అన్నం తినే పిల్ల. నేను పాసు మీద వెళ్లి చూసినదానికన్నా ఇది చిన్నదేం కాదు.

పిల్లలు మళ్లీ మాటల్లో పడ్డారు. ఈసారి జూడీ కూడా వాళ్లలో ఒకతై, హిందీ తెలుగు ఇంగ్లీషు కలిపేసి వాదిస్తోంది. ఎవరూ ఆమెను నువ్వెవరని అడగలేదు. కొర్నేలి బోర్డు దాకా నడిచి వెళ్లాడు. కూతురి ముందు నిలబడ్డాడు. అతను మాట్లాడిన తీరు నేను గుర్తుపట్టాను, అది తండ్రి బిడ్డతో మాట్లాడే తీరు కాదు.

"ఎందుకు ఆపరో నాకు ముప్పై ఏళ్లు సరిగ్గా తెల్దు. అది నువ్వు చెప్పినావు. ఎన్నాళ్లు ఆపకుండా ఉండొచ్చో నీకు తెల్దు. పని అక్కడిదాకా వచ్చింది," అన్నాడు. "ఇంక నీది."

జూడీ చేతిలో చాక్‌పీసు ఆగిపోయింది. ఆ మాట ఎప్పుడంటారో ఆ ఇంట్లో పుట్టిన పిల్లకు తెలియకపోవడమేముంది. కొర్నేలి తిరిగి బయటికి నడిచాడు. "డాడీ," అని పిలిచింది. నడవా అంతా వినిపించింది. అతను ఆగలేదు, చూడలేదు. నాకా నియమం లేదు కనక నేను చూశాను. ఆ పిల్ల తలుపు దాకా వచ్చి, అతని వీపునే చూస్తూ నిలబడి, కాసేపటికి గదిలోకి వెళ్లిపోయింది.

మెట్ల మీద కూర్చుని డోర్కాస్‌కు ఫోను చేశాడు. "షిఫ్టు దిగలేదు. దిగరంట. అమ్మాయి కూడా లోపలే ఉండిపోనాది," అన్నాడు. ఆమె ఏదో అడిగింది. "లేదు, నాను రమ్మనలేదు. నాకు నోరు రాలేదు డోర్కాసూ," అన్నాడు. ఆ తర్వాత జరిగిందంతా వచ్చీరాని మాటల్లో చెప్పాడు, ముఖ్యంగా కూతురు తనను అందరి ముందూ కాదన్నదని రెండుసార్లు చెప్పాడు. చివరికి డోర్కాస్ గొంతు ఫోనులోంచి నాక్కూడా వినిపించింది.

"హాస్టల్లో అన్నం ఎలగుంటాదో కనుక్కున్నారా?"

జూలై ఆఖరి రోజు మధ్యాహ్నం నేను కొట్టు మూసి ప్లాంటు గేటుకు వెళ్లాను. డోర్కాస్ అప్పటికే వచ్చి ఉంది. మొదటి షిఫ్టు దిగింది. సైకిళ్లు, స్కూటర్లు, హెల్మెట్లు చేత్తో పట్టుకున్న మనుషులు బయటికొచ్చారు. ఇన్నేళ్లు అతను ఊళ్లోవాళ్ల ముఖాలు చూశాడు, ఆవేళ అతని ముఖం చూడడానికి మేం నిలబడ్డాం. ఊరికే లేచి వస్తాడే అని నాకు దిగులుగా ఉంది. కొర్నేలి చివర్లో వచ్చాడు. మెడలో ఒక దండ, చేతిలో టిఫిను డబ్బా. రోజూ ఎలా వస్తాడో అలాగే వచ్చాడు.

నాకు నోరు ఊరుకోదు. "ఎవరికి అప్పజెప్పావు?" అని అడిగేశాను. డోర్కాస్ నా వైపు కోపంగా చూసింది.

"వైజాగ్‌లోనే ఇచ్చీసినాను కదేటి," అన్నాడు.

దండ తీసి డోర్కాస్ చేతిలో పెట్టి, సైకిలు స్టాండు తీశాడు. వెనక ఫర్నేసు మీద తెల్లటి ఆవిరి లేచింది. నేనూ డోర్కాసూ తిరిగి చూశాం. కొర్నేలి చూడలేదు.